తెల్లకన్ను మిషను

గోపాలపట్నం మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సు షాపులో అనూరాధ చేసే ఉద్యోగం ఏమిటయ్యా అంటే, మనుషుల్ని తెల్లగా చెయ్యడం. పుట్టినరోజు నాయకుడు కానీ, ఓణీల ఫంక్షను పిల్ల కానీ, పోయి పదకొండు రోజులైన తాతగారు కానీ, ఎవరి ఫోటో వచ్చినా మొటిమ తీసెయ్యాలి, మచ్చ చెరిపెయ్యాలి, చెంపలకి కాస్త గులాబీ రంగు పుయ్యాలి. నాలుగేళ్లుగా అదే పని. ఇప్పుడు ఆ పిల్లకి తెర మీద మచ్చ కనబడితే చాలు, మెదడుతో పని లేకుండా చెయ్యి దానంతటదే వెళ్లి చెరిపేసి వస్తుంది. ఆ చేతి అలవాటే కొంప ముంచబోయింది. అది తర్వాత సంగతి.

రెండు వేల ఆరు, ఆగస్టు నెల, మంగళవారం పదకొండు గంటలకి త్రినాథరావు షాపులోకి వచ్చాడు. స్టీల్ ప్లాంటులో టెక్నీషియను. ఆ వారం బి షిఫ్టు కాబట్టి పొద్దున్న ఖాళీ. ముప్పై ఏళ్ల మనిషి, చేతిలో ఒక సీడీ పట్టుకుని బడిపిల్లాడిలా నిలబడ్డాడు.

షాపు యజమాని శ్రీనివాసరావు తల ఎత్తకుండానే అడిగాడు. "ఎన్నడుగులు బావా?"

"అడుగులు కాదండి. ఫ్లెక్సు కాదు నాకు. కంప్యూటర్లో పెట్టుకోడానికి బొమ్మ కావాల."

"ఫ్లెక్సు కాకపోతే ఆ అమ్మాయినడుగు. అడుగుల్లో లేనిది నాకు అర్థం కాదు," అని శ్రీనివాసరావు మళ్లీ ఫోనులో పడిపోయాడు.

త్రినాథరావు అనూరాధ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, రసీదు పుస్తకం వెనక అట్ట మీద పెన్నుతో గీసి చూపించడం మొదలుపెట్టాడు. పాత వీడియో గేముల మిషన్లలో ఉండే ఆటలన్నిటినీ ఇప్పుడు కంప్యూటర్లో ఆడించే ప్రోగ్రాం ఒకటి వచ్చింది, సీడీలో ఉన్నది అదే. ఆట అదే, చప్పుడు అదే. కానీ ఆ మిషన్ల తెరలు నిలువుగా ఉండేవి, కంప్యూటరు తెర అడ్డంగా ఉంటుంది. అందుకని ఆట మధ్యలో నిలువు పట్టీలా వస్తుంది, రెండు పక్కలా నల్లగా ఖాళీ మిగిలిపోతుంది. ఆ ఖాళీలో, మిషను అద్దం మీద తెర చుట్టూ ఉండే బొమ్మని ఉన్నదున్నట్టు గీసి పెడితే మిషను ముందు నిలబడి ఆడుతున్నట్టే ఉంటుందట. దేశదేశాల వాళ్లు ఇదే పిచ్చిలో ఉన్నారట. గీసినవన్నీ ఒక వెబ్‌సైటులో పెడతారట.

"మరి ఈ ఆటకి ఎవరూ గియ్యలేదా?" అంది అనూరాధ.

"గీసారమ్మా. కంపెనీవోడు ఏసిన బొమ్మని గీసారు. బాగానే ఉంది. అది నా మిషను కాదు."

తన మిషను హార్బరు రోడ్డులో గేముల షాపులో ఉండేది. తొంభై నాలుగులో ఐటీఐ చదువుతూ, క్లాసులు అవగానే అక్కడికే పోయేవాడు. కంపెనీ మిషన్లు మన ఊరికి ఎక్కడొస్తాయి. ఆట ఉన్న బోర్డు ఒక్కటే అట్టపెట్టెలో ఓడ మీద వచ్చేది. పెట్టె ఇక్కడి వడ్రంగి ప్లైవుడ్డుతో చేసేవాడు. అద్దం మీద బొమ్మ ఇక్కడి వాడే ఎవడో వేసేవాడు. ఆట సబ్‌మెరీను ఆట. పైనించి బాంబులు పడుతుంటాయి, కిందనుంచి మనం కొట్టాలి.

"ఎడం పక్క సబ్‌మెరీను ఇలా ముక్కు పైకెత్తి ఉంటాదమ్మా. కుడి పక్క సేపలు. కంపెనీ బొమ్మలో ఈ సేపలేవీ నేవు. ఇంకోటేటంటే, సబ్‌మెరీను ముక్కుకి..."

"కన్నుంటుంది," అంది అనూరాధ. మౌసు మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. "తెల్లగుడ్డు. మధ్యలో నలుపుండదు."

త్రినాథరావు పెన్ను పట్టుకుని అలాగే ఆమె మొహంలోకి చూశాడు. "తెల్లకన్ను అనీవోళ్లం మిషన్ని. మీరూ ఆడేవారా?"

"ఆడపిల్లల్ని లోపలికి ఎవరు రానిస్తారు సార్. ఆ అద్దం మా ఇంట్లో ఉంది. వేసింది మా మావయ్య."

పాపం, త్రినాథరావు పెన్నుని టీ గ్లాసులో ముంచేశాడు. పన్నెండేళ్లుగా కలలో వచ్చే అద్దం, ఎవరింట్లోనో క్షేమంగా ఉందని పదకొండున్నరకి టీ తాగుతూ తెలిస్తే ఎవరు మాత్రం ముంచరు?

*

అద్దం క్షేమంగానే ఉంది, ఎండుచేపల పెట్టె మీద. జాలరిపేటలో అనూరాధ వాళ్లమ్మ అసిరమ్మకి ఆ అద్దం కన్నా మంచి మూత ఇంతవరకూ దొరకలేదు. పిల్లి ఎత్తలేదు, ఎలక కొరకలేదు. గేముల షాపు మూసేసినప్పుడు వాచ్‌మేను గోడవతల పారేస్తుంటే నెత్తి మీద పెట్టుకుని తెచ్చింది. వారానికోసారి బూడిద వేసి తోముతుంది.

బుధవారం పొద్దున్న అనూరాధ అద్దం ఎత్తి పట్టుకుని ఇసకలోకి నడిచింది. వెనకే అసిరమ్మ అరుస్తూనే ఉంది. "ఒలే, ఇప్పుడు సేపల మీదేటి పెడతానే నాను? నీ కంప్యూటరెట్టమంటావా?"

ఒడ్డున సింహాద్రి పని ముగిస్తున్నాడు. అసిరమ్మకి తమ్ముడు, అనూరాధకి మేనమామ. యాభై అయిదేళ్లుంటాయి. పేటలో తెప్పలకి రంగులేసేది ఆయనే. ఆయన నాన్న చెక్క తెప్పలకి వేశాడు, ఈయన ఫైబరు తెప్పలకి కూడా వేస్తున్నాడు. ఈ వేళ అర్జునరావు తెప్ప. నీలం ఒళ్లు, ఎర్ర పట్టీ, ముక్కుకి రెండు పక్కలా చారెడేసి కళ్లు. తెల్లగుడ్డు, చుట్టూ పసుపు, దాని చుట్టూ ఎరుపు. నలుపు మాత్రం లేదు.

సింహాద్రి కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. అర్జునరావు ముందుకొచ్చి, నల్లరంగు డబ్బీలో బొటనవేలు ముంచి, ఎడం కన్ను మధ్యలో ఒకసారి, కుడి కన్ను మధ్యలో ఒకసారి అదిమాడు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. సింహాద్రి చేతులు వెనక్కి కట్టుకుని, "దించండ్రా," అన్నాడు. ఎనిమిది మంది భుజాలు ఆనించారు. తెప్ప జారి నీళ్లలో పడింది. ఆయన మళ్లీ దాన్ని ముట్టుకోలేదు.

అనూరాధ చిన్నప్పటినుంచీ చూస్తున్నదే అది. చిన్నప్పుడు ఒకసారి అడిగింది, నలుపు నువ్వే పెట్టొచ్చు కదా మావా అని. రంగులోడు ఒడ్డున ఉండిపోయేవాడు, ఒడ్డున ఉండేవాడు చూపు పెడితే తెప్ప ఒడ్డు వైపే చూస్తుంది, సముద్రంలోకి వెళ్లేవాడే చూపు పెట్టాలి అని చెప్పాడు. వాళ్ల నాన్న ఆయనకి చెప్పిన మాట అట అది.

"మావా, ఇది సూడు," అని అద్దం ఇసకలో నిలబెట్టింది.

సింహాద్రి ఒంగి చూశాడు. అంచుల్లో ఉప్పు తిని రంగు పొరలు లేచిపోయాయి గానీ నడి భాగం అలాగే ఉంది. ఎడం పక్క సబ్‌మెరీను, కుడి పక్క వంజరాలు, సూరలు లాంటి చేపలు, కింద ఒక మూల సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ ముక్కు. సబ్‌మెరీను ఆటకి బొమ్మ వెయ్యమంటే ఆయన తను చూసిన సముద్రమే వేశాడు. ఒడ్డున నిలబడితే దూరంగా కనబడే నేవీ సబ్‌మెరీనుని వేశాడు. ముక్కు ఉన్నదేదైనా సముద్రంలోకి కళ్లు లేకుండా ఎలా వెళుతుందని దానికీ కన్ను పెట్టాడు.

"ఎక్కడిదే?"

"మనింట్లోదే. ఎండుసేపల మీద మూత."

"ఓలమ్మ," అని సింహాద్రి అక్క వైపు చూశాడు. "ఇన్నాళ్లూ నాకు సెప్పనేదేటే?"

"నువ్వెప్పుడు ఎండుసేపలు కొనుక్కున్నావురా, పెట్టె తెరిసి సూడ్డానికి?" అంది అసిరమ్మ.

అనూరాధ త్రినాథరావు సంగతి చెప్పింది. స్టీల్ ప్లాంటు ఆయన, ఇన్నేళ్లయినా మర్చిపోలేదు, కంప్యూటర్లో పెడతాం, లోకమంతా చూస్తారు, వేసినవాళ్ల పేరు రాయడానికి అందులో ఒక గడి ఉంటుంది, నీ పేరు రాస్తాం.

"బొమ్మ నీకు కావాలంటే తీసుకెల్లు. నా పేరెయ్యకు."

"అదేటి మావా?"

"అది అయిపోయిన పని కాదు." సింహాద్రి అద్దంలో ఉప్పు, పొలుసులు కట్టిన కన్ను మీద వేలు పెట్టబోయి, పెట్టకుండా ఆపేశాడు. "గాజుకి రంగు ఎనకనుంచి ఎయ్యాల. ముందు కనబడాల్సింది ముందేసీయాల. నలుపు, ఆ తరవాత తెలుపు, ఆ తరవాత పసుపు. అలగయితే నలుపు నానే ముందు పెట్టీయాల. నాను పెట్టనేదు. తెల్లగా ఒగ్గీసినాను. మొదలెట్టిన రోజున, ఎవలు ముందు ఆడతారో ఆలచేత గాజు మీద పైనించి వేలు అద్దిద్దామనుకున్నాను. పిలుత్తానన్నాడు షాపాయన."

"పిలవలేదా?"

"నానే ఎల్లాను. నల్లరంగు డబ్బీ జేబులో ఏసుకుని. లోపల అంతా ఇస్త్రీ సొక్కాలు. సేపల కంపు కొడతందని గుమ్మం కాడే ఆపీసినారు. ఆలు రిబ్బను కోసుకున్నారు, నాను డబ్బీ అట్టుకుని వొచ్చీసినాను." ఆయన ఈ మాటలు వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. కోపం అసిరమ్మకి వచ్చింది. "ఎదవలు," అని ఇసకలో ఉమ్మింది.

"చూపు నేని దాని కింద నా పేరేటి? వొద్దు తల్లీ," అని సింహాద్రి డబ్బాలు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

*

గురు, శుక్రవారాలు అనూరాధ భోజనం మానేసి ఆ అద్దంతో కూర్చుంది. షాపు వెనక ఎండలో తెల్ల ఫ్లెక్సు ముక్క పరిచి, దాని మీద అద్దం పెట్టి, శ్రీనివాసరావు కెమెరాతో జానెడు జానెడు ముక్కలుగా నలభై ఫోటోలు తీసింది. అన్నిటినీ కంప్యూటర్లో అతికింది. తెర మీద నాలుగింతలు పెద్దది చేసి చూసినప్పుడు గానీ ఆమెకి మావ ఏం చేశాడో తెలిసిరాలేదు.

ఫోటోషాపులో పొరలుంటాయి. కింద పొర మీద పై పొర వేసుకుంటూ పోవాలి. తప్పయితే పొర తీసెయ్యొచ్చు, వెనక్కి పోవచ్చు. మావ అదంతా తలకిందులుగా చేశాడు. రంగు లేచిపోయిన అంచుల్లో ఒక్కో పొరా కనబడుతోంది. చేప పొట్ట మీద మెరుపు గీత ముందు, దాని వెనక వెండి రంగు, దాని వెనక నీలం. తెల్ల నురగ ముందు, అల తర్వాత. వెండ్రుకంత గీత కూడా మొట్టమొదటే పడాలి, దాని మీద వేరే రంగు పడ్డాక సరిచేసుకునే దారే లేదు. నలభై చేపలున్నాయి. ఒక్క చేపకైనా గీత తప్పలేదు. నాలుగేళ్లుగా రోజుకి వందసార్లు వెనక్కి బటన్ నొక్కి బతుకుతున్న పిల్లకి చెమటలు పట్టాయి.

పైన ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అవి అద్దం వెనకనుంచి రాయాలి కాబట్టి కుడినుంచి ఎడమకి, ప్రతి అక్షరం తిరగేసి రాయాలి. సింహాద్రికి ఇంగ్లీషు రాదు. బోర్డు వచ్చిన అట్టపెట్టెని మొహం చూసుకునే అద్దంలో చూసుకుంటూ, అక్షరాల్ని చేపల్లాగే చూసి గీశాడని అసిరమ్మ చెప్పింది. అనూరాధ వాటి పక్కన కంప్యూటరులోని అక్షరాలు పెట్టి కొలిచి చూసింది. తేడా రెండు వెండ్రుకలు. ఇంత పనిమంతుణ్ణి గుమ్మం దగ్గర ఆపేశారు, సిగ్గులేని జనం అనుకుంది. పైకే అనేసింది కాబోలు, శ్రీనివాసరావు తల తిప్పి చూశాడు.

ఆయన వచ్చి వెనక నిలబడి కాసేపు చూశాడు. "ఇదంతా చేత్తో ఏసిందే?" అన్నాడు. కాసేపాగి, "కింద మన షాపు పేరు, ఫోను నంబరు ఏసీ," అన్నాడు. ఆయన దహనానికి తీసుకెళ్లే ఫ్లెక్సు మీద కూడా ఫోను నంబరు వేయించే మనిషి. అనూరాధ వినిపించుకోనట్టు ఊరుకుంది.

శుక్రవారం మూడు గంటలకి ఆఖరి పని మిగిలింది, శుభ్రం చెయ్యడం. బూడిద గీతలు, ఉప్పు మరకలు, చేప పొలుసులు. కన్ను దగ్గరికి వచ్చేసరికి తెల్లగుడ్డు మధ్యలో నీలంగా ఒక మరక. పైసా బిళ్లంత. ఎవరో గట్టిగా తుడవబోతే అలికినట్టుంది. లోపల సన్నగా వంకర గీతలు, అమ్మ బూడిద పెట్టి తోమిన గీతలే అనుకుంది. మరక కింద తెలుపు మీద లేత నీడ కూడా ఉంది, అద్దం మందమంత దూరంలో. ఇదొక చిత్రం అనుకుంటూనే చెయ్యి వెళ్లిపోయింది. మూడు నిమిషాల్లో కన్ను పాలలా తెల్లగా వచ్చింది.

సాయంత్రం త్రినాథరావు ఫోను చేశాడు. "పేరు గడి ఖాళీగా వదిలేస్తే ఆళ్లు తీసుకోరమ్మా. మీ మావయ్య ఒద్దంటే మీ పేరే ఏసీండి. గీసింది మీరే కదా."

ఫోను పెట్టేశాక అనూరాధ ఫైలు చివర తన పేరు కొట్టి చూసుకుంది. నాలుగేళ్లలో తను చేసిన ఏ బొమ్మకీ తన పేరు లేదు. అన్నిటికీ ఫోను నంబరే. చూడ్డానికి బాగానే ఉంది పేరు. కాసేపు చూసుకుని, చెరిపేసింది. ఆ ఒక్కటీ మాత్రం చెయ్యి దానంతటది చేసిన పని కాదు.

*

ఆదివారం సింహాద్రి, త్రినాథరావు ఉండే ఉక్కునగరం వెళ్లడానికి ఒప్పుకున్నాడంటే అది అసిరమ్మ తిట్ల మహిమే. "పేరేసుకోవద్దు సరే. నీ పని ఒకడు పన్నెండేళ్లు గుర్తెట్టుకున్నాడంట, ఆడి మొగం సూసొస్తే నీ సొమ్మేటి పోద్దిరా?" అని రెండు రోజులు సతాయించింది. ఆయన తెల్లచొక్కా వేసుకుని, సబ్బుతో రెండుసార్లు స్నానం చేసి బయల్దేరాడు. బస్సు కిటికీలోంచి దాటిపోయే తెప్పల్లో తను రంగేసినవి లెక్కపెట్టుకున్నాడు.

త్రినాథరావు క్వార్టరు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, సింహాద్రి అక్కడే ఆగిపోయాడు. అనూరాధ లోపలికి వెళ్లాక చూసుకుంటే ఆయన వెనక లేడు. గడప బయట చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాను ఇక్కడే ఉంటాలే, నువ్వు సూపించీసి వొచ్చీ," అన్నాడు.

త్రినాథరావు గదిలోంచి గబగబా వచ్చాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాడు. లోపలికి తీసుకొచ్చి, కంప్యూటరు ముందున్న ఒకే ఒక కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన నిలబడ్డాడు. "బాబాయ్, ఈ వేళ నువ్వు కూకో. అప్పుడు మేం నిలబడే ఆడేవోళ్లం," అన్నాడు.

అనూరాధ పెన్‌డ్రైవులోంచి ఫైలు ఎక్కించింది. తెర నల్లబడి, మళ్లీ వెలిగింది. మధ్యలో ఆట, రెండు పక్కలా సముద్రం. వంజరాలు, సూరలు, కొండ ముక్కు. ఎడం పక్క సబ్‌మెరీను ముక్కెత్తి నిలబడింది. టుక్కుమని పాత చప్పుడు వచ్చింది.

త్రినాథరావు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. వేలితో తెర మీద ఒక్కో చేపనీ తడిమాడు. "ఈ సేపకి తోక ఇరిగినట్టుంటాది, ఉంది. ఇక్కడ గీత, ఉంది." చూస్తూ చూస్తూ సింహాద్రి వైపు తిరిగాడు. "బాబాయ్, మాది సముద్రం నేని పల్లెటూరు. ఐటీఐకి వొచ్చినప్పుడు సముద్రం అంటే భయం నాకు, దగ్గిరికి ఎల్లీవోణ్ని కాదు. నీ అద్దంలో చూసాకే ఎల్లాను. ఇన్ని రకాల సేపలుంటాయని నాకు నువ్వే సెప్పినావు."

సింహాద్రి కంప్యూటరు వైపే చూస్తున్నాడు. "ఆ మూల సేప పొట్ట ఇంకా ఎర్రగా ఉండాల," అన్నాడు. ఎండకి వెలిసిందని అనూరాధ చెప్పింది. "అయితే సరే," అన్నాడు. కుర్చీ కాస్త తెరకి దగ్గరగా జరుపుకున్నాడు.

త్రినాథరావు ఆట మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు ఆడి ఆపేశాడు. ఎడం పక్కకి చూశాడు. మళ్లీ ఆడబోయి మళ్లీ ఆపాడు.

"ఒకటి నేదు," అన్నాడు.

"ఏంటి సార్?" అంది అనూరాధ. నలభై చేపలూ లెక్కపెట్టే వేసింది తను.

"అద్దం మీద పోయుంటాదిలెండి. నాదే తప్పు, సెప్పకూడనిది." ముప్పై ఏళ్ల మనిషి చెవులు ఎర్రబడ్డాయి. "కన్నులో నీలంగా ఒక మరకుండేది."

అనూరాధ ఒక అడుగు వెనక్కి వేసింది. చెరిపిన చేతిని రెండో చేత్తో పట్టుకుంది.

"ఐటీఐలో ఫిట్టరు క్లాసండి," అన్నాడు త్రినాథరావు. "ఇనుము మీద గీతలు గీసుకోడానికి నీలం రంగు పూస్తాం. ఆరిపోతే ఊడదది. ఒకరోజు క్లాసునుంచి తిన్నగా షాపుకొచ్చీసాను, సెయ్యంతా తడి నీలం. ఆడబోతంటే ఆ తెల్లకన్ను సూసి... ఏటో, గుడ్డిదాన్ని నీళ్లలోకి తోలతన్నట్టు అనిపించింది. ఇలా అదిమీసాను." గాలిలో అదిమి చూపించాడు. "షాపాయన సెంప పగలగొట్టీసినాడు. కిరసనాయిలేసి తుడిపించినాడు, పోనేదు. నెల్రోజులు రానివ్వనేదు. నీ బొమ్మ పాడుసేసినాను బాబాయ్. ఏటీ అనుకోకు."

సింహాద్రి కుర్చీలోంచి లేచాడు.

"ఏ వేలు?"

"ఏటి బాబాయ్?"

"ఏ వేలెట్టినావు?"

త్రినాథరావు బొటనవేలు చూపించాడు. సింహాద్రి ఆ చెయ్యి అందుకుని, వేలిని వెలుగువైపు తిప్పి చూశాడు. చేప తాజాదో కాదో చూసినట్టు చూశాడు.

"ఎవలు సెప్పినారు నీకు అలగ పెట్టమని?"

"ఎవలూ సెప్పనేదు."

"పెట్టీసినాక ఆడినావా?"

"తుడిపించీలోపల ఒక ఆట ఆడీసినాను. ఆ ఒక్క ఆటా సావనేదు బాబాయ్. ఆఖరుదాకా ఎల్లిపోయాను."

సింహాద్రి వేలు వదల్లేదు. అలా పట్టుకునే మేనకోడలి వైపు చూశాడు. "గుంటా, ఆ నీలం ఏదే?"

"నాను సెరిపీసాను మావా," అంది అనూరాధ. ఏడుపు వచ్చేస్తోంది. "మరకనుకున్నాను."

"సెరిపీసినవి మల్లీ వొస్తాయన్నావు కదేటి కంప్యూటర్లో?"

వస్తాయి. అసలు ఫోటో అడుగు పొరలో అలాగే ఉంది, పొరల ఫైలు పెన్‌డ్రైవులోనే ఉంది, త్రినాథరావు కంప్యూటర్లోనూ ఫోటోషాపు ఉంది. అనూరాధ కళ్లు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. కన్నులో చెరిపిన చోటు మళ్లీ తెరిచింది. నీలం వచ్చింది. దాన్ని నాలుగింతలు పెద్దది చేసి చూసి, తన తలకాయ మీద తనే మొట్టుకుంది. బూడిద గీతలట. అవి వేలి గీతలు. గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి, మనిషి వేలి మీద ఉన్నట్టే ఉన్నాయి. అద్దం మీద పైనుంచి పెట్టింది కాబట్టే, వెనక తెలుపు మీద నీడ పడింది. నీలాన్ని వేరే పొరగా తీసి, అన్ని పొరల పైన పెట్టింది. దాని నీడ దానికి ఇచ్చింది. అలుకుడు అలాగే ఉంచింది. ఒక్క చుక్క కూడా దిద్దలేదు.

బొమ్మ చిన్నది చేసింది. సబ్‌మెరీను సూటిగా చూస్తోంది.

త్రినాథరావుకి ఇదంతా ఏమిటో ఇంకా తెలియదు. తెప్ప సంగతి అనూరాధ నాలుగు మాటల్లో చెప్పింది, చూపు పెట్టాల్సింది రంగులోడు కాదు, సముద్రంలోకి వెళ్లేవాడు అని. విని త్రినాథరావు తన బొటనవేలిని తనే మొదటిసారి చూసుకున్నట్టు చూసుకున్నాడు.

"షాపాయన రిబ్బను కోసినాడు. కోసుకోనీ," అన్నాడు సింహాద్రి. "పని పన్నెండేళ్ల కిందటే అయిపోనాది. నాకే తెలీనేదు." ఆయన నవ్వాడు. అనూరాధ ఆయన నవ్వగా చూసి చాలా రోజులైంది.

"అయితే పేరు ఎయ్యనా మావా?"

"ఎయ్యి. తెప్ప మీద ఎలగ రాత్తామో అలగే రాయి. ముందు సముద్రంలోకి ఎల్లినోడి పేరు. ఆ కింద మనది."

"మనం తెప్ప మీద రంగులోడి పేరు రాయం కదా మావా?"

"రాయం," అన్నాడు సింహాద్రి. తెర మీద కన్ను వైపు ఇంకోసారి చూశాడు. "ఇక్కడ రాయి."

త్రినాథరావు ఆ వెబ్‌సైటు తెరిచాడు. పేరు గడి ఒక్కటే ఉంది. అందులోనే రెండు పేర్లూ పట్టించింది. త్రినాథరావు, స్టీల్ ప్లాంటు. సింహాద్రి, జాలరిపేట. ఇంగ్లీషులో కొట్టి, ఒక్కో అక్షరం మీదా వేలుపెట్టి ఆయనకి చదివి వినిపించింది. ఆయన తలూపాడు. నీ పేరేదమ్మా అని త్రినాథరావు అడగబోతే, నాది లోపల పొరల్లో ఉందిలెండి అంది.

సింహాద్రి జేబులోంచి రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. వాటికి రంగేమీ లేదు. కంప్యూటరు ముందునుంచి రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"దించమ్మా," అన్నాడు.

అనూరాధ వెబ్‌సైటుకి పంపే బటన్ నొక్కింది.